నవలలోని చోటు, పాఠకుడి చోటు: మేడ్చల్ ప్రాంతంలో ‘చిల్లర దేవుళ్ళు’ బోధన

ఒక నవల పాఠ్యగ్రంథమైనప్పుడు దానికి రెండు చోట్లు ఏర్పడతాయి. కథ జరిగిన చోటు ఒకటి, కథను చదువుతున్న చోటు మరొకటి. మొదటిదాన్ని గురించి తెలుగు నవలా విమర్శ విస్తారంగానే మాట్లాడింది. రెండవదాన్ని గురించి మాట్లాడినది తక్కువ. దాశరథి రంగాచార్య (1928–2015) రచించిన ‘చిల్లర దేవుళ్ళు’ నవలను హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల విద్యార్థులకు బోధించవలసి వచ్చినప్పుడు ఈ రెండవ చోటు ఒక చారిత్రక సమస్యగా ముందుకు వస్తుంది. నవలలోని ఊరు తెలంగాణ పల్లె. గుండ్లపోచంపల్లి కూడా నిన్నమొన్నటి వరకు తెలంగాణ పల్లె. కనుక ‘ఇది మీ తాతల నాటి మీ ఊరి కథే’ అని చెప్పి పాఠాన్ని దగ్గర చేయాలని ఏ ఉపాధ్యాయుడికైనా అనిపిస్తుంది. ఆ మాట సగమే నిజం. మిగిలిన సగం నిజం కాకపోవడం వల్ల నవల నేపథ్యమే కాక, దాని కథనస్వరమూ వస్తువూ కూడా తప్పుగా అర్థమయ్యే ప్రమాదం ఉంది.

‘చిల్లర దేవుళ్ళు’కు 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) ‘ప్రజల మనిషి’, ‘గంగు’ నవలలతో ప్రారంభించిన పనిని, అంటే తెలంగాణ ప్రజాజీవిత చరిత్రను వరుస నవలలుగా నమోదు చేసే పనిని, ఆయన అకాల మరణం తరువాత రంగాచార్య తన భుజాన వేసుకున్నారు. ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ ఆ వరుసలోనివి. అందువల్ల ఈ నవలలో నేపథ్యం కథకు వెనుక వేలాడదీసిన తెర కాదు. నేపథ్యమే ఇక్కడ వాదం. దొరకు అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో, కరణం కలానికి అంత బలం ఎలా వచ్చిందో, ఆడబాప అనే మనిషి ఒక ఇంట్లో ఎందుకు ఉండవలసి వచ్చిందో చెప్పకుండా కథను చెప్పడం సాధ్యం కాదు.

దొర ఎవరు?

విద్యార్థి మనసులో ‘దొర’ అనగానే మెదిలేది సినిమాలు తయారుచేసిన రూపం: గడి, గుర్రం, కొరడా, మీసం. నవలలోని దొర ఆ రూపానికి దూరమేమీ కాకపోయినా అతని వెనుక ఉన్న వ్యవస్థ వేరు. నిజాం రాజ్యంలో భూమి స్థూలంగా మూడు విధాలుగా ఉండేది. ప్రభుత్వానికి నేరుగా శిస్తు చెల్లే దివానీ భూములు, జాగీర్దార్లు పాయగా ప్రభువుల వంటివారి చేతుల్లోని జాగీరు భూములు, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్ భూములు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో ఇచ్చిన లెక్క ప్రకారం వీటి పాళ్ళు సుమారుగా 60, 30, 10 శాతాలు.

దేశ్‌ముఖు ప్రధానంగా దివానీ ప్రాంతపు ప్రభువు. మొదట అతను వంశపారంపర్యంగా శిస్తు వసూలు చేసే అధికారి మాత్రమే. మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ ప్రవేశపెట్టి, శిస్తు వసూలును జీతగాళ్ళైన ప్రభుత్వోద్యోగులకు అప్పగించాడు. పదవి పోయిన దేశ్‌ముఖులకు పరిహారంగా రుసుం ఏర్పాటు చేశాడు. చూపుకు ఇది వారి అధికారాన్ని తగ్గించిన సంస్కరణ. జరిగింది మరొకటి. సర్వే, బందోబస్తులు వచ్చినప్పుడు లెక్కలు తెలిసినవారు, ఊరి లెక్కలు రాసేవారిని గుప్పిట్లో ఉంచుకున్నవారు వేల ఎకరాలను తమ పేర పట్టా చేయించుకోగలిగారు. శిస్తు వసూలుదారు భూస్వామి అయ్యాడు. చట్టం ఇచ్చిన అధికారం పోయి, చట్టానికి అందని అధికారం మిగిలింది.

ఈ ఒక్క పరిణామాన్ని ముందుగా చెప్పకపోతే నవలలో దొరకూ కరణానికీ మధ్య ఉన్న సంబంధం విద్యార్థికి ఇద్దరు దుర్మార్గుల స్నేహంగానే కనిపిస్తుంది. అది స్నేహం కాదు, అవసరం. లంబాడీలు చెమటోడ్చి సాగులోకి తెచ్చిన నేల ఒక్క కాగితంతో దొరదైపోయే ఘట్టాన్ని చదివేటప్పుడు కొరడాకన్నా కలం ఎక్కువ పని చేసిందని గుర్తించాలంటే 1865 తెలిసి ఉండాలి. శీర్షికకు అర్థం కూడా ఇక్కడే ఉంది. పెద్ద దేవుడు హైదరాబాదులో ఉన్నాడు. ఊరూరా ఉన్నవారు చిల్లర దేవుళ్ళు. పెద్దవాడి పేరు మీద చిన్నవాళ్ళు పూజలందుకుంటారు.

పెద్ద దేవుడి సొంత నేల

మేడ్చల్ ప్రాంతం విషయంలో చిక్కు వచ్చేది సరిగ్గా ఈ శీర్షిక దగ్గరే. హైదరాబాదు నగరాన్ని చుట్టి ఉన్న జిల్లాకు అత్రాఫ్ బల్దా అని పేరు. ‘నగర పరిసరాలు’ అని ఆ మాటకు అర్థం. ఆ జిల్లా ప్రధానంగా సర్ఫెఖాస్. మధ్యమధ్య పాయగాలు, జాగీర్లు, మక్తాలు, ఇనాములు ముక్కలు ముక్కలుగా కలగలిసి ఉండేవి. అంటే ఇక్కడి రైతు శిస్తు సర్కారు ఖజానాకు కాక నిజాం సొంత ఖజానాకు చేరేది. నవల పరిభాషలో చెప్పాలంటే ఇది పెద్ద దేవుడి సొంత నేల.

ఈ భేదం రెవెన్యూ చరిత్రకారులకు మాత్రమే కావలసిన సూక్ష్మం కాదు. దివానీ గ్రామంలో అన్యాయానికి గురైన రైతు తహసీల్దారుకు, తాలూకుదారుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీ దొర పలుకుబడి ముందు నిలవకపోవచ్చు, కానీ దొర వేరు, సర్కారు వేరు అన్న ఊహ ఒకటి మిగిలి ఉంటుంది. ‘చిల్లర దేవుళ్ళు’లో ఊరివారి భయానికీ ఆశకూ మధ్య ఉన్న సన్నని సందు అదే. సర్ఫెఖాస్ రైతుకు ఆ సందు మరింత సన్నం. అతని భూస్వామీ పాలకుడూ ఒక్కరే. వెట్టి అక్కడా ఉంది, పటేల్ పట్వారీలు అక్కడా ఉన్నారు, దౌరాకు వచ్చే అధికారులకు కోళ్ళూ గుడ్లూ పాలూ సమకూర్చడం అక్కడా ఉంది. కానీ గడి మీద కూర్చుని తరతరాలుగా చుట్టుపక్కల ఊళ్ళను శాసించే నల్లగొండ, వరంగల్ జిల్లాల నమూనా దేశ్‌ముఖును ప్రతి ఊళ్ళోనూ ఊహించుకోవడం కుదరదు.

గుండ్లపోచంపల్లి స్థితిలో ఇంకొక విశేషం ఉంది. సికింద్రాబాదు నుంచి నిజామాబాదు మీదుగా మన్మాడుకు వేసిన గోదావరి లోయ రైలుమార్గంలో ఈ ఊరి స్టేషన్ బొల్లారం, మేడ్చల్‌ల మధ్య ఉంది. ఆ మార్గం ఇరవయ్యో శతాబ్దపు ఆరంభానికే నడుస్తున్నది. బొల్లారం ఆంగ్లేయుల దండు విడిసిన చోటు. రెసిడెంటు విడిది భవనమే నేటి రాష్ట్రపతి నిలయం. ఒకవైపు కంటోన్మెంటు, మరొకవైపు నిజాం సొంత భూములు, మధ్యలో రైలుపట్టాలు. బండి బాట తప్ప మరొక దారి లేని, వార్త కూడా దొర వాకిలి దాటి రావలసిన నవలలోని ఊరితో ఈ చోటుకు పోలిక తక్కువ. నగరానికి పాలూ కూరగాయలూ పంపిన ఊరి రైతు అనుభవం, నగరాన్ని ఎన్నడూ చూడని రైతు అనుభవం ఒకటి కావు.

సర్ఫెఖాస్ 1949లో దివానీలో విలీనమైంది. అదే ఏడాది జాగీర్ల రద్దు జరిగింది. పోలీసు చర్య తరువాత అత్రాఫ్ బల్దా హైదరాబాదు జిల్లాలో కలిసిపోయింది. 1978లో రంగారెడ్డి జిల్లా, 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడ్డాయి. గుండ్లపోచంపల్లి 2018లో పురపాలక సంఘమైంది. ఇన్నిసార్లు పేరు మారిన నేల తన పాత పేరును మరచిపోవడంలో ఆశ్చర్యం లేదు. విచిత్రమేమంటే, సాహిత్యం మరచిన ఆ పదజాలాన్ని భూమి వ్యాపారం మరవలేదు. పట్టా, పహాణీ, సేత్వార్, ఇనాం, మక్తా, సర్ఫెఖాస్ అన్న మాటలు ఈ ప్రాంతంలో ప్లాట్లు కొనేవారి నోళ్ళలోనూ, వకీళ్ళ కాగితాల్లోనూ నేటికీ సజీవంగా ఉన్నాయి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయిన తరువాత పుట్టిన విద్యార్థికి పట్వారీ ఎవరో తెలియదు. కానీ లింకు డాక్యుమెంటు అంటే ఏమిటో, ఒకే నేలకు ఇద్దరు హక్కుదారులు ఎలా పుట్టుకొస్తారో ఇంట్లో విని ఉంటాడు. ‘చిల్లర దేవుళ్ళు’ పాఠానికి ఇంతకన్నా మంచి ప్రవేశద్వారం దొరకదు. పదకోశాన్ని పుస్తకం చివర అచ్చువేసి వదిలేయడం కన్నా ఈ ద్వారం గుండా లోపలికి తీసుకుపోవడం మేలు.

పాఠ్యక్రమంలో నవల నేపథ్యం ఎంత బరువైన విషయమో తెలుగు విశ్వవిద్యాలయ చరిత్రలో ఒక నిదర్శనం ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930వ దశకంలో పాఠ్యగ్రంథంగా ఎంచుకోవడం, మద్రాసు ప్రభుత్వ నిషేధం వల్ల దాన్ని తొలగించవలసి రావడం, 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం ఆ నిషేధాన్ని ఎత్తివేయడం సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. అక్కడ నవలలోని చోటును పాలకులు వెంటనే గుర్తుపట్టారు కనుకనే దాన్ని బయటకు పంపారు. ‘చిల్లర దేవుళ్ళు’కు పట్టినది దానికి విపరీతమైన గతి. గౌరవంగా లోపలికి ఆహ్వానించి, చోటును మాత్రం గుర్తుపట్టకుండా చదువుతున్నారు.

కథనస్వరం

ఆంగ్ల సాహిత్య బోధన నుంచి వచ్చిన ‘టోన్’ అనే భావనకు తెలుగులో స్థిరమైన పదం లేదు. ‘ధ్వని’ అంటే ఆనందవర్ధనుడు అడ్డువస్తాడు. ‘శైలి’ అంటే విషయం వాక్యనిర్మాణం మీదికి పోతుంది. ‘కథనస్వరం’ అనే మాట కొంత నయం. ‘చిల్లర దేవుళ్ళు’ విషయంలో అది మరీ తగినది. ఎందుకంటే ఈ నవలలో చూసే కన్ను ఒక సంగీతకారుడిది.

సారంగపాణి కోస్తా ప్రాంతం నుంచి ఆశ్రయం వెతుక్కుంటూ నిజాం రాజ్యంలోని పల్లెకు వచ్చిన గాయకుడు. అతనికి ఇక్కడి మాట కొత్త, మర్యాద కొత్త, భయం కొత్త. ఊరివారికి నిత్యకృత్యమైనది అతనికి విడ్డూరం. తెలంగాణ రచయిత తెలంగాణ కథను చెప్పడానికి బయటివాడి కళ్ళను ఎందుకు ఎంచుకున్నాడన్న ప్రశ్న 2014 తరువాతి తరగతి గదిలో తప్పక వస్తుంది. దానికి రాజకీయ సమాధానాలు తేలికగా దొరుకుతాయి. సాహిత్యపరమైన సమాధానం ఒకటుంది. వెట్టి చేసేవాడికి వెట్టి వర్ణనీయం కాదు, అది అతని పొద్దు. దాన్ని వర్ణనీయం చేయడానికి ఒక అపరిచితుడు కావాలి. దానికి తోడు, పుస్తకం వెలువడిన నాటి తెలుగు పాఠకుల్లో ఎక్కువమందికి ఈ పల్లె అపరిచితమే. వారికి సారంగపాణి దుబాసీ కూడా.

గుండ్లపోచంపల్లి పరిసరాల్లో ఈ సాధనం మరొక విధంగా పని చేస్తుంది. దుస్తుల పరిశ్రమల పార్కు, ఇంజనీరింగు కళాశాలలు, జాతీయ రహదారి వెంట లేచిన కాలనీలు ఉన్న ఈ ప్రాంతంలో నిలువునా ఈ నేలకు చెందిన కుటుంబాలతో పాటు కోస్తా, రాయలసీమల నుంచీ ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలూ ఉన్నారు. వారిలో చాలామంది సారంగపాణి నిలబడిన చోటే నిలబడి ఉన్నారు. ఊరిని చూస్తున్నారు, ఊరి మాట వింటున్నారు, ఊరివారు కారు. ‘ఇది మీ ఊరి కథే’ అనే మాట వారికి ఎటూ వర్తించదు. ‘ఈ ఊరికి కొత్తగా వచ్చినవాడి కథ’ అని మొదలుపెడితే అందరికీ వర్తిస్తుంది.

స్వరాన్ని బోధించడానికి బిగ్గర పఠనాన్ని మించిన పద్ధతి లేదు. రంగాచార్య కథనాన్ని శిష్టభాషలోనూ సంభాషణను తెలంగాణ పలుకుబడిలోనూ నడిపారు. మౌనంగా చదివితే ఈ రెండూ ఒకే స్థాయిలో వినిపిస్తాయి. పైకి చదివినప్పుడు సంభాషణలోకి దిగగానే గొంతు మారుతుంది. అక్కడ ఆగి సంబోధనలను గమనింపజేయాలి. తెలంగాణ పల్లె మాటలో పెద్దలను ‘నువ్వు’ అనడం అమర్యాద కాదు. గౌరవమంతా వరుసలోనో ‘దొరా’ అన్న పిలుపులోనో ఉంటుంది. కోస్తా మర్యాదకు అలవాటుపడిన విద్యార్థి ఆ ‘నువ్వు’ను తిరుగుబాటుగా పొరబడవచ్చు. అలాగే ‘బాంచన్’ అనే మాట సినిమాల వల్ల వేళాకోళంగా మిగిలింది. తన దాస్యాన్ని తానే నోటితో ఒప్పుకోవలసి వచ్చిన మనిషి రోజుకు ఎన్నిసార్లు ఆ మాట పలికేవాడో లెక్కపెట్టమంటే తరగతిలో నవ్వు ఆగుతుంది. దొర ముందు ఒక పాత్ర ఎన్ని మాటలు మాట్లాడిందో, దొర లేనప్పుడు ఎన్ని మాట్లాడిందో రెండు వరుసలుగా రాయించడం మరొక మంచి అభ్యాసం.

నవలలోని ఆగ్రహం అరుపుగా వెలువడదు. అదీ స్వరానికి సంబంధించిన విషయమే. రంగాచార్య సాయుధ పోరాటంలో పాల్గొన్నవారు. ఆయన ఆత్మకథ ‘జీవనయానం’ను పక్కన పెట్టుకుని చదివితే, అనుభవంలోని వేడిని నవలలో ఎంతగా అణచిపెట్టారో తెలుస్తుంది. దౌర్జన్యాన్ని చూపి, వ్యాఖ్యానాన్ని కొంతసేపు ఆపి, గాయకుడిని పక్కన నిలబెట్టడం ఆయన పద్ధతి. గాయకుడు అన్నిసార్లూ మాట్లాడడు. ఆ మౌనం దగ్గరే పాఠం ఆగాలి.

వస్తువు పేరుతో జరుగుతున్నది

గైడు పుస్తకాల్లో ఈ నవల వస్తువుకు ఒకే సమాధానం: నాటి తెలంగాణ ప్రజల దుర్భర జీవితం, దొరల దౌష్ట్యం. తప్పు కాదు, కానీ ఆ సమాధానం రాయడానికి నవల చదవనక్కరలేదు. దౌష్ట్యం అన్న మాట దోషాన్ని వ్యక్తి గుణం మీదికి నెడుతుంది. మంచి దొర దొరికితే సరిపోయేదన్న భావం లోలోపల మిగులుతుంది. ఆ భావాన్ని నవల ఎక్కడా సమర్థించదు.

ఆడబాప వనజను చూడండి. దొరల ఇళ్ళలో ఆడపిల్ల పెళ్ళై అత్తవారింటికి పోయేటప్పుడు ఆమె వెంట పంపే దాసి ఆడబాప. ఆమె జీతగత్తె కాదు, అమ్ముడుపోయిన మనిషీ కాదు, ఇంటి మనిషి అసలే కాదు. సామానుతో పాటు వచ్చినది. దొర కూతురు మంజరి, వనజ ఒకే కప్పు కింద ఉన్నారు. ఇద్దరూ ఆ గాయకుడి పాట వింటారు. మంజరికి సంగీతం కోరిక. వనజకు కోరిక అనేదే హక్కులో లేదు. దొర మంచివాడైనంత మాత్రాన మారని సంబంధం ఇది. ఈ వ్యవస్థను వస్తువు చర్చకు కేంద్రం చేస్తే భూమి, కులం, స్త్రీ మూడూ ఒకే ముడిలో కనిపిస్తాయి.

కళ గురించిన ప్రశ్న కూడా సాధారణంగా విస్మృతమవుతున్నది. సారంగపాణి తింటున్నది దొర అన్నమే. ఆ అన్నం ఎవరి నేల నుంచి వచ్చిందో తెలిశాక అతను ఏ నోటితో పాడాలి? పోషకుడి చేతిలోని కళాకారుడి సందిగ్ధం తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. నరాంకితాన్ని నిరసించిన పోతన సంప్రదాయం మన విద్యార్థులకు బడిలోనే పరిచయం. ఆ పాత ప్రశ్నను రంగాచార్య భూమి కాగితాల మధ్య తిరిగి అడిగారు. పద్యసాహిత్యం మీద ప్రేమ ఉండి నవల మీద లేని అధ్యాపకులకు ఈ నవలను బోధించడానికి ఇది సులువైన దారి.

బోధనలో వీటన్నిటికీ వేళ దొరకదన్న అభ్యంతరం న్యాయమైనదే. వేళ తక్కువైనప్పుడు వదులుకోదగినవి ఉన్నాయి: రచయిత పుట్టుపూర్వోత్తరాల జాబితా, పురస్కారాల జాబితా, పాత్రల గుణగణాల జాబితా. వదులుకోకూడనిది ఊరి రెవెన్యూ స్థితి. విద్యార్థి తన ఊరికి చెందిన 1954–55 నాటి ఖాస్రా పహాణీ ప్రతిని ఒక్కసారి చూసినా చాలు. అందులో పట్టాదారు పేరు ఒక వరుసలో, నేల దున్నుతున్నవాడి పేరు మరొక వరుసలో ఉంటాయి. రెండు పేర్లూ ఒకటైన చోట్లూ కాని చోట్లూ గుర్తించమని చెప్పవచ్చు. వనజ వంటివారి పేరు ఏ వరుసలోనూ ఉండదని కూడా అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్నపత్రం మారకపోతే తరగతి మారదు. ‘చిల్లర దేవుళ్ళు నవలలో ప్రతిబింబించిన తెలంగాణ జీవితాన్ని వివరించండి’ అన్న ప్రశ్నకు గైడు సమాధానమే వస్తుంది. ‘ఈ నవలలోని దొరకు అధికారం ఏయే మార్గాల్లో వచ్చింది? 1949కి ముందు మీ ఊళ్ళో ఆ మార్గాల్లో ఏవి ఉండేవి, ఏవి లేవు?’ అని అడిగితే మేడ్చల్ విద్యార్థి రాసే సమాధానం నల్లగొండ విద్యార్థి సమాధానానికి నకలు కాలేదు.